నాలుగో నంబరు బిళ్ళ

గడియ జరిగింది. అదీ రెండు వేళ్ళతో. కంపెనీ ఇళ్ళు చూసుకునే సూపర్వైజర్ చంకలో ఉన్న అట్ట కూడా కింద పెట్టకుండా వీధి తలుపు గడియను బొటనవేలితో ఇటు తోసి, చూపుడువేలితో అటు లాగి, "గడియ బాగుంది" అని కాగితం మీద టిక్కు పెట్టుకుని, వంటింటి కుళాయి చూడటానికి లోపలికి వెళ్ళిపోయాడు. చప్పుడే లేదు. ఎప్పటికప్పుడు నూనె చుక్క పడుతున్న ఇనుము ఎలా జరుగుతుందో అలా జరిగింది. అమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయి, "అది పట్టేసింది కదండీ, తొమ్మిదేళ్ళ నుంచీ" అంది. సూపర్వైజర్‌తో కాదు, నాన్నతో. నాన్న ఆ మాట చెవిన పడనట్టే స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, "పెరట్లో పైపు విప్పాలి" అని వెళ్ళిపోయారు. ఇది జరిగి పది నిమిషాలైంది. సూపర్వైజర్ ఐదు గంటలకు తాళంచెవి తీసుకోవడానికి మళ్ళీ వస్తానని చెప్పి వెనక వీధికి వెళ్ళాడు. నేను ముందుగదిలో ఇనపపెట్టె మీద కూర్చుని గడియనే చూస్తున్నాను.

నాలుగు గంటల బస్సుకి అక్క వస్తుంది. ఉత్తరంలో నాలుగే వాక్యాలు రాసింది. నాన్న రిటైరయ్యారనీ, కంపెనీకి ఇల్లు అప్పజెప్పేస్తున్నామనీ నేను రాసినదానికి జవాబు అది. "అటక మీద నా పెట్టె ఉంది. నాలుగు గంటల బస్సు దిగి ఐదు గంటల బస్సు ఎక్కుతాను. ఇల్లు చూడాలని లేదు, నిన్ను చూడాలని ఉంది. నీ కోసమే వస్తున్నాను, ఇంకెవరి కోసమూ కాదు." కింద ఎప్పటిలాగే ఆ రోజు గాలి. అక్క కొండ మీది వాతావరణ కేంద్రంలో పని చేస్తుంది, గాలినీ వాననీ కొలుస్తుంది, అందుకని సంతకం పెట్టాక గాలి ఎటు నుంచి వీస్తోందో రాయకుండా నాకు ఒక్క ఉత్తరమూ పంపలేదు. పడమర, మెల్లగా. ఉత్తరం, గట్టిగా. ఒకసారి "గాలి లేదు, బద్ధకంగా ఉంది, గాలికో నాకో తెలియదు" అని రాసింది. ఆ ఉత్తరాలన్నీ నేను కూర్చున్న ఈ పెట్టెలోనే ఉన్నాయి. తొమ్మిదేళ్ళవి. అన్నీ నాకే రాసినవి. అమ్మ గురించి అడుగుతుంది, అన్నయ్య గురించి అడుగుతుంది, నాన్న గురించి అడగదు. ఆ ఉత్తరాలు చదువుకున్నప్పుడల్లా నాకు మొదట సంతోషమూ, వెంటనే ఎవరి కంచంలోదో ఎత్తుకుని తింటున్నానన్న సిగ్గూ వచ్చేవి. ఎందుకంటే నేను ఆమెకి ఒక మాట చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందటే చెప్పవలసిన మాట. ఉత్తరంలో రాయడానికి కూర్చుని చింపేసిన కాగితాలు ఎన్నో లెక్క లేదు. ఈ రోజు చెప్పకపోతే ఐదు గంటల బస్సు వెళ్ళిపోతుంది, ఇల్లూ పోతుంది, చెప్పడానికి ఇంత సరైన చోటు మళ్ళీ ఉండదు. చెబితే ఆ పడమర గాలీ ఉత్తరపు గాలీ ఇక నాకు రావు.

గదిలో ఇంకేమీ లేదు. చాలా సామాను పొద్దునే లారీలో వెళ్ళిపోయింది, మిగిలినదానికి అన్నయ్య లారీతో మళ్ళీ వస్తాడు. బీరువా ఉన్నచోట గోడ రంగు కొత్తగా ఉంది, మంచం కాళ్ళు ఆనినచోట నేల మీద నాలుగు గుంటలు, కర్టెన్ కడ్డీ తీసేసిన కిటికీ, కళ్ళజోడు తీసేసిన నాన్న మొహంలా ఉంది. గోడ మీద మిగిలింది తలుపు పక్కనున్న బోర్డు ఒక్కటే. పొద్దున అమ్మ "ఆ బోర్డు కూడా విప్పేయండి, సామానులో పెట్టేస్తాను" అంటే "చివర్లో" అన్నారు నాన్న. చేతి వెడల్పున్న చెక్క, దాని మీద ఐదు జతల మేకులు, ఒక్కో జతకి ఒక్కో ఇత్తడి బిళ్ళ. బిళ్ళకి ఒకవైపు నంబరు, రెండోవైపు ఏమీ ఉండదు. నంబరు కనబడుతుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు. నున్నటివైపు కనబడుతుంటే బయటికి వెళ్ళినట్టు. నాన్న ఫ్యాక్టరీ టైమాఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశారు, గేటు దగ్గర పదహారు వందల మంది బిళ్ళలు తిప్పి లోపలికి వెళ్ళడం చూస్తూ. ఇంటికి కూడా అదే తెచ్చారు. ఒకటి నాన్న, రెండు అమ్మ, మూడు అన్నయ్య, నాలుగు అక్క, ఐదు నేను. ఎదురింటి రేడియో మామయ్య, వీధిలో అందరి రేడియోలూ బాగుచేసే ఆయన, మా ఇంటికి వచ్చినప్పుడల్లా బోర్డు ముందు నిలబడి "నాకో ఆరో నంబరు పడేయవోయ్, మా ఇంట్లో నేనున్నానో లేనో ఎవరికీ పట్టదు" అనేవాడు. బిళ్ళకి ఒక నియమం. అన్ని నంబర్లూ కనబడేదాకా తలుపు గడియ పడదు. ఎంత ఆలస్యమైనా సరే, ఆఖరి మనిషి వచ్చాకే. నాన్న ఎన్ని విషయాల్లో కోప్పడినా ఈ ఒక్క విషయంలో ఎన్నడూ మాట తప్పలేదు. అందుకే ఈ ఇంట్లో ఎవరూ తలుపు తట్టడం ఎరగరు. తట్టవలసిన అవసరమే ఎప్పుడూ రాలేదు.

నేను ఈ ఇంటికి ఆలస్యంగా వచ్చాను. ఎనిమిదో తరగతి దాకా అమ్మమ్మ దగ్గర ఊళ్ళో, ఒకే గదిలో మూడు తరగతులు కూర్చునే బడిలో చదువుకున్నాను. పదమూడేళ్ళప్పుడు అమ్మమ్మ పోయాక నాన్న వచ్చి తీసుకొచ్చారు. బస్సు దిగి, వీధిలోకి మలుపు తిరిగేసరికి ఇరవైనాలుగు ఇళ్ళు, అన్నీ ఒకేలా, ఒకే అచ్చులో పోసినట్టు, ఒకే ఎత్తు మెట్లు, ఒకే పచ్చరంగు తలుపులు. నాకు భయమేసింది. ఇందులో మనది ఏదో నాకెప్పటికీ తెలియదనుకున్నాను. లోపలికి రాగానే నాన్న బోర్డు చూపించారు. ఐదో జత మేకులు కొత్తవి. ఐదో బిళ్ళ మెరుస్తోంది. నేను రావడానికి ముందే చేయించి పెట్టారు. "తిప్పు" అన్నారు. నేను రెండు చేతులతో తీసి, తిప్పి, రెండు మేకులకీ సరిగ్గా పట్టించి, వెనక్కి జరిగి చూసుకున్నాను. ఎక్కడో ఒక గోడ మీద నా పేరున ఒక చోటుందని ఆ రోజు తెలిసింది. అయినా వారం తిరిగాక ఒకనాడు బడి నుంచి వచ్చి పొరపాటున రేడియో మామయ్య ఇంట్లోకి వెళ్ళి, సంచి దించి, మంచినీళ్ళు తాగి, బిళ్ళ తిప్పుదామని గోడ వైపు చెయ్యి చాచి బోర్డు కనబడక బిక్కచచ్చిపోయాను. అత్తయ్య వంటింట్లోంచి తొంగిచూసి "వచ్చావా తల్లీ, మామయ్యకి కూతురు కావాలని ఎప్పటి నుంచో ఉంది, ఉండిపో" అంది. అక్క ఆ మాట విని నెల రోజులు నవ్వింది. తర్వాత ఒక సాయంత్రం వీధి అవతలి చివరి దాకా నడిపించుకుని వెళ్ళి, అక్కడి నుంచి కళ్ళు మూసుకుని నడవమంది. బస్సు మలుపు తిరిగేచోటు ఆఖరి ఇల్లు మనది, బస్సు తిరిగితే మన కిటికీ అద్దం ఒక్కటే గిలగిల్లాడుతుంది, అది విను చాలు, అంది. నాకు ఇల్లు గుర్తుపట్టడం నేర్పింది ఆమె. చీకట్లో అయినా, నిద్రలో అయినా.

ఇప్పుడు అద్దం కొట్టుకుంది. మూడూ నలభై బస్సు. ఆమెది కాదు. తెలిసి కూడా లేచి నిలబడ్డాను. ఎదురింటి మెట్ల మీద రేడియో మామయ్య ఏదో బిగిస్తూ, తలెత్తకుండానే, "ఇంకా ఇరవై నిమిషాలు, కూర్చో" అన్నాడు. పక్కింటి టైలరు పిన్ని ప్రహరీ మీదుగా మొహం పెట్టి "మీ అక్కకి పొడుగు అదేనా, లావయ్యిందా? నా దగ్గర దాని పాత కొలతలున్నాయి" అంది. తెలియదు పిన్నీ అన్నాను. నిజంగా తెలియదు. గాలి తెలుసు, వాన తెలుసు, మనిషి ఎలా ఉందో తెలియదు. అటక మీది నుంచి పొద్దున నేనే ఆమె పెట్టె దించాను, దుమ్ము తుడిచాను, తెరవలేదు. అందులో ఏమున్నాయో నాకు తెలుసు. ఒక స్వెట్టరు, రెండు పాఠ్యపుస్తకాలు, చిల్లుపడ్డ డబ్బాతో ఆమె చేసిన వానకొలత. పెరట్లో పెట్టి, మర్నాడు పొద్దునే స్కేలు తీసుకుని వెళ్ళేది. నాన్న పళ్ళు తోముకుంటూ "ఎంత పడిందమ్మా?" అని అడిగేవారు. "ఏడు మిల్లీమీటర్లు." "ఫ్యాక్టరీలో చెప్పనా?" "చెప్పండి, వాళ్ళ గొడుగులు తెచ్చుకుంటారు." వాళ్ళిద్దరూ అలా ఉండేవాళ్ళు. ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు. గొడవ ఒక్కటే గుర్తుంటుంది అందరికీ.

గొడవ చాలా చిన్నది. నాన్న ప్యాకింగ్ సెక్షన్‌లో అక్క కోసం పని మాట్లాడి వచ్చారు. అదే వారం కొండ మీది కేంద్రం నుంచి అక్కకి ఉత్తరం వచ్చింది, శిక్షణకి రమ్మని. అంత దూరం, ఒక్కదానివి, అన్నారు నాన్న. ఇంత దగ్గర, ఇంతమందితో, నాకు ఊపిరాడదు నాన్నా, అంది అక్క. ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలిందో. కోపం అసలు చోట దొరక్క బిళ్ళ మీదికి వచ్చింది. ఎందుకంటే అక్క ఎప్పుడూ బిళ్ళ సరిగ్గా తగిలించేది కాదు. రెండు మేకులుంటే ఒక్కదానికే పట్టించి పోయేది. ఐదు బిళ్ళల్లో నాలుగోది ఎప్పుడూ ఒక చెయ్యి వేలాడేసినట్టు వంకరగా వేలాడేది, నాన్న వచ్చీపోయేటప్పుడు సరిచేసేవారు. ఆ రోజు సరిచేయలేదు. "ముందు ఆ బిళ్ళ రెండు మేకులకీ తగిలించడం నేర్చుకో. తర్వాత గాలి కొలుద్దువుగాని" అన్నారు. అక్క మధ్యాహ్నం ఇంటి గొడుగు తీసుకుని, బిళ్ళ తిప్పి, ఒక్క మేకుకే తగిలించి, స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది.

సాయంత్రం నుంచి వాన. అమ్మ తలనొప్పితో దీపం ఆర్పుకుని పడుకుంది. అన్నయ్య అన్నం తినకుండానే నిద్రపోయాడు. నాన్నకి పొద్దున ఆరింటి షిఫ్టు, మా ఇల్లు తొమ్మిదింటికే పడుకునే ఇల్లు. ఎనిమిదిన్నరకి నాన్న ఇంకా వెనకగదిలో షిఫ్టు చార్టు చూసుకుంటున్నారు. తొమ్మిదింటికి ముందుగదిలోకి వస్తారు, నాలుగో బిళ్ళ నున్నగా కనబడుతుంది, కుర్చీ తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చుంటారు, అక్క తడుస్తూ వస్తుంది, గొడవ మళ్ళీ మొదలవుతుంది, ఈసారి అక్క ఇంకో మాట అంటుంది, నాన్న ఇంకో మాట అంటారు. నాకు పదిహేనేళ్ళు. నాకు ఒకటే కావాలి, ఆ కుర్చీ ఆ గుమ్మానికి ఎదురుగా పడకూడదు. అందుకని లేచి వెళ్ళి అక్క బిళ్ళ తిప్పాను. నాలుగు. నాన్న పడుకున్నాక నేను మెలకువగా ఉండి, అక్క అడుగుల చప్పుడు వినగానే వెళ్ళి గడియ తీద్దామనుకున్నాను. కళ్ళు మూసుకున్నా ఇల్లు గుర్తుపట్టగలదాన్ని, అక్క అడుగులు గుర్తుపట్టలేనా అనుకున్నాను. తిప్పాను, రెండు చేతులతో, రెండు మేకులకీ, సరిగ్గా. నాకు ఇంకోలా తగిలించడం రాదు.

పక్క మీద పడుకుని విన్నాను. నాన్న ముందుగదిలోకి వచ్చారు. బోర్డు ముందు ఆగారు. మామూలుగా ఆగేదానికంటే ఎక్కువసేపు. తర్వాత ఒక చిన్న నవ్వు, ముక్కులోంచి వచ్చేది, అక్క వానకొలత చూపించినప్పుడు వచ్చే నవ్వు. గడియ పడింది. వెనక్కి వెళ్తూ ఏదో పాట కూనిరాగం తీశారు. అది విని నాకు హాయిగా అనిపించింది. ఆ హాయికే నిద్ర పట్టేసింది. వాన చప్పుడొకటి.

పొద్దున ఫ్యాక్టరీ సైరన్‌కి లేచేసరికి పక్కన అక్క దుప్పటి మడత మడతలాగే ఉంది. పరిగెత్తుకుంటూ ముందుగదిలోకి వచ్చాను. వీధి తలుపు తెరిచి ఉంది. నాన్న చేతిలో ఇంటి గొడుగు ఉంది. మడిచి, పట్టీ పెట్టి, మెట్టు మీద తలుపుకి ఆనించి ఉందట. వానలో వచ్చి, గడియ పడి ఉండటం చూసి, ఇంటిది ఇంటికి ఇచ్చేసి, తడుస్తూ వెళ్ళింది. తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఆఖరి మనిషి వచ్చేదాకా గడియ పడని ఇంట్లో గడియ పడిందంటే, నువ్వు లెక్కలో లేవని చెప్పినట్టే. ఇంకో ఇంట్లో అయితే తట్టి ఉండేది. నాలుగో బిళ్ళ అప్పటికే వెనక్కి తిప్పి ఉంది, నున్నగా. నాన్న తిప్పారు. అమ్మ లేచి వచ్చి గొడుగు చూసి, అంతా అర్థమై, "మీరే కదండీ గడియ పెట్టింది" అంది. "అవును, నేనే పెట్టాను" అన్నారు నాన్న. అంతే. నా వైపు ఒక్కసారి చూశారు. బయటపెట్టేస్తారనుకున్నాను. ఆయన గొడుగు మూల నిలబెట్టి, చొక్కా వేసుకుని రైలు స్టేషన్‌కి వెళ్ళారు. అక్క ఎక్కిన బండి అప్పటికే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో మాట అదే అయిపోయింది, వీధిలో కూడా. కోపంతో గడియ పెట్టాడు, కూతురు వెళ్ళిపోయింది. అక్క మొదటి ఉత్తరంలో నాకు అదే రాసింది. "ఆయన గడియ పెట్టుకుని పడుకున్నారు. నువ్వు లోపల ఏడుస్తూ ఉండి ఉంటావని తెలుసు. ఆ ఇంట్లో నాకు మిగిలింది నువ్వొక్కదానివే." నేను ఏడవలేదు, నిద్రపోయాను. ప్యాకింగ్ సెక్షన్‌లో అక్క కోసం మాట్లాడిన పనిలో నాలుగేళ్ళ తర్వాత నేను చేరాను. నా ఫ్యాక్టరీ బిళ్ళ నంబరు పదకొండు వందల అరవైరెండు. రోజూ గేటు దగ్గర దాన్ని రెండు చేతులతో తగిలిస్తుంటే వెనకున్నవాళ్ళు "అమ్మా, పూజ అయిందా" అని విసుక్కుంటారు. గడియ మటుకు ఆ వానాకాలమే పట్టేసిందన్నారు నాన్న. చెక్క ఉబ్బింది, లాగితే ఊడి చేతిలోకి వస్తుంది, ఎవరూ ముట్టుకోకండి, అన్నారు. అప్పటి నుంచి మా తలుపుకి బయటి నుంచి కూడా వేలితో ఎత్తగలిగే చిన్న కొక్కెం తప్ప ఇంకేమీ లేదు. "దొంగలకి పిలుపు పంపించావేమిటోయ్" అనేవాడు రేడియో మామయ్య. "వస్తే బిళ్ళ తిప్పి రమ్మను" అనేవారు నాన్న. ఇంట్లో ప్రతి బందుకీ నెలకోసారి నూనె చుక్క వేసే మనిషి, కుర్చీ కాలు కిర్రుమంటే నిద్రపట్టని మనిషి, తొమ్మిదేళ్ళు ఒక్క గడియ బాగుచేయలేకపోయాడంటే మేమంతా ఎలా నమ్మామో. నేను ఇంకోలా అనుకున్నాను. చేసిన పనికి మొండితనం అది, చూడటానికి ఇష్టం లేక వదిలేశారు, అనుకున్నాను. ఆయన మీద నాకూ కొంచెం కోపమే ఉండేది. తప్పు నాది అయినా కూడా. లేక నాది కాబట్టే.

రెండు వేళ్ళతో జరిగింది. నూనె వేస్తూనే ఉన్నారు. పెట్టడం మాత్రమే మానేశారు.

ఒక మాట గుర్తొస్తోంది, గొడవకి ముందు ఏడాదిది. అన్నాల దగ్గర నాన్న చెప్పారు. ఫ్యాక్టరీలో ఒక షెడ్డు అంటుకుంది. అందరినీ బయటికి తెచ్చి లెక్కచూస్తే ఒక బిళ్ళ లోపలే ఉన్నట్టు కనబడుతోంది. పొగలోకి మనుషులు వెళ్ళి గంటసేపు వెతికారు. ఆ మనిషి ఇంట్లో నిద్రపోతున్నాడు. షిఫ్టుకి ఆలస్యమవుతుందని అతని తమ్ముడు తన బిళ్ళతో పాటు అన్న బిళ్ళ కూడా తిప్పేశాడు. ఎవరు తిప్పారని మేనేజరు అడిగితే నాన్న చెప్పలేదు. చూసుకోవలసింది నేను, చూసుకోలేదు, అని కాగితం రాసిచ్చారు. అమ్మ కంచంలో ఏదో వడ్డిస్తూ దెప్పింది. "ఆ పేరు చెప్పేస్తే పోయేదిగా. మీకెందుకు మెమో?" "వాడు అన్న మీద ప్రేమతో తిప్పాడు. చూసి నమ్మింది నేను. నమ్మడమేగా నా ఉద్యోగం. పేరు చెబితే ఆ అన్నకి తెలుస్తుంది. అన్నదమ్ములు వాళ్ళు, రేపు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. నాకేముంది, ఒక కాగితం."

ఒక కాగితం. పెట్టె మీద చేతులు ఆనించి కూర్చున్నాను, చేతుల కింద ఉత్తరాలు. అవును, నేనే పెట్టాను, అన్నారు. ఆ పొద్దున నా వైపు చూసిన చూపు నన్ను పట్టుకున్న చూపు కాదు, వదిలేసిన చూపు. పదహారు వందల మంది బిళ్ళలు చూసే మనిషికి రెండు మేకులకీ తగిలిన నాలుగో బిళ్ళ ఎవరి చేతిదో పొద్దున్నే తెలిసిపోయింది. తెలిసి వెనక్కి తిప్పారు. అక్కచెల్లెళ్ళు వీళ్ళు, అనుకుని ఉంటారు. అక్కకి ఇంట్లో ఒకరైనా మిగలాలి, ఆ ఒక్కరు తను కానక్కర్లేదు అనుకుని ఉంటారు. నాకు వచ్చిన ప్రతి ఉత్తరం ఆయనే గుమ్మం బయటి ఉత్తరాల డబ్బాలోంచి తీసి, తెరవకుండా, నా పుస్తకాల మీద పెట్టేవారు. నేను చదివేటప్పుడు పక్కగదిలో ఏదో వెతుకుతున్నట్టు తిరిగేవారు. ఒక్కోసారి, ఎటో చూస్తూ, "అక్కడ వాన పడుతోందటా?" అని మాత్రం అడిగేవారు. పడుతోంది నాన్నా, అనేదాన్ని. ఎన్ని మిల్లీమీటర్లని అడగాలని ఆయనకి ఎంత ఉండేదో.

అద్దం గిలగిల్లాడింది.

నాలుగు గంటల బస్సు మలుపు తిరిగి ఆగింది. ఒక్క మనిషే దిగింది. లావవలేదు పిన్నీ, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ఎండలో గాలిలో తిరిగే మనుషులకి ఉండే రంగు. ఎదురింటి మెట్ల మీద నుంచి రేడియో మామయ్య లేచి నిలబడి, చేతిలో ఉన్న రేడియోని గట్టిగా పెట్టాడు. అక్క చెయ్యెత్తి నవ్వింది. మెట్లెక్కుతూ మెట్టు చూడలేదు, నన్నే చూస్తూ ఎక్కింది. గుమ్మంలోకి వచ్చి, "ఎంత పొడుగయ్యావే" అంది. సంచీ ఎడమచేతిలోకి మార్చుకుంది. కుడిచెయ్యి, తనంత తానే, చూడకుండానే, బోర్డు మీదికి వెళ్ళింది. నాలుగో బిళ్ళ తీసింది, తిప్పింది, ఒక్క మేకుకి తగిలించింది. అది వంకరగా వేలాడింది, తొమ్మిదేళ్ళ కిందట కాదు, నిన్ననే తగిలించినట్టు.

"ఇంకా ఒక మేకుకేనా" అన్నారు నాన్న. పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిలో స్క్రూడ్రైవర్, చొక్కా మీద తుప్పు.

తొమ్మిదేళ్ళ తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది. అక్క చెయ్యి వెనక్కి తీసేసుకుంది. మొహం మూసుకుపోయింది. వాచీ చూసుకుని నన్ను అడిగింది, "పెట్టె ఎక్కడుంది? ఐదింటికి బస్సు."

"అక్కా, ఆ రోజు దాన్ని రెండు మేకులకీ తగిలించింది నేను."

ఎక్కడి నుంచో మొదలుపెడదామనుకున్న మాట ఆఖరు నుంచి వచ్చింది. ఆమెకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. "నువ్వు ఇంకా రాలేదు. గొడవవుతుందని నీ బిళ్ళ తిప్పేశాను. నాన్న పడుకున్నాక గడియ తీద్దామనుకున్నాను. నిద్రపోయాను. నువ్వు ఇంట్లో ఉన్నావనుకునే గడియ పెట్టారు."

"దాని మాటలకేం" అన్నారు నాన్న గబగబా. "చిన్నపిల్ల. గడియ పెట్టింది నేను. అదేమీ మారదు. లారీ వచ్చేస్తుంది, ముందు ఆ పెట్టె..."

"మీకు తెలుసా?" అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి. మెల్లగా అంది. "తొమ్మిదేళ్ళూ తెలుసా మీకు?"

నాన్న స్క్రూడ్రైవర్ కొసను చూసుకుంటున్నారు. అక్క చాలాసేపు బోర్డు వైపు చూసింది. తర్వాత నాన్న వైపు తిరిగింది.

"సరిగ్గా వేలాడుతుంటే చూసి కూడా, నేనే తగిలించాననుకున్నారా?"

"అనుకున్నాను."

"నేనా?"

"పొద్దున అరిచాను కదా" అన్నారు నాన్న. "విన్నావులే అనుకున్నాను. అలిగిన పిల్ల ఈ రకంగా చెప్పింది అనుకున్నాను." ఆగారు. "సంతోషంగానే పడుకున్నాను."

వీధిలో లారీ వెనక్కి వస్తున్న చప్పుడు, ఇంకొంచెం, ఇంకొంచెం అని ఎవరో అరవడం. అన్నయ్య గుమ్మంలోకి ఒక్క అంగలో వచ్చి, అలవాటుగా మూడో బిళ్ళ తిప్పి, మమ్మల్ని చూసి ఆగిపోయాడు. "ఏమిటిలా నిలబడ్డారు అందరూ? గ్రూప్ ఫోటోనా?" తర్వాత అక్కని చూశాడు. "వచ్చావా" అన్నాడు. నవ్వబోయాడు, కుదరలేదు, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఖాళీ గోడ మీద ఐదు నంబర్లూ కనబడుతున్నాయి, నాలుగోది వంకరగా. నాన్న బోర్డు దగ్గరికి వచ్చారు. దాన్ని విప్పడానికే కాబోలు. స్క్రూ మీద కొస ఆనించి, అలాగే నిలబడిపోయారు.

"ఐదుగురం ఉన్నాం" అంది అక్క. గొంతు మామూలుగా పెట్టడానికి ప్రయత్నించింది. "గడియ పెట్టరా, నాన్నా?"

రాత్రి కాలేదు, ఎండ ఇంకా మెట్ల మీదే ఉంది. బయట లారీ, లోపల ఒక్క కుర్చీ లేని ఇల్లు, గంటలో ఇంకొకరిది అయిపోయే తలుపు. నాన్న స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నారు. వీధి తలుపు రెండు రెక్కలూ దగ్గరికి వేసి, అరచేత్తో ఒకసారి తడిమి, గడియ జరిపారు. చప్పుడు లేదు.

గదిలో సగం చీకటి. అక్క నా వైపు ఇంకా చూడలేదు. చూడాలని లేదో, చూడలేకపోతోందో, ఆమె వీపు చూసి నాకు తెలియలేదు. అద్దం ఒకసారి కొట్టుకుంది, నాలుగూ ఇరవై బస్సు మలుపు తిరుగుతోంది. వాచీ చూసుకుంటూ వచ్చిన మనిషి ఈసారి చూసుకోలేదు. లారీవాడు హారన్ కొట్టాడు, ఆగి, మళ్ళీ కొట్టాడు. తలుపు తియ్యడానికి ఎవరం కదల్లేదు.